హాఫ్‌కిన్ మహాశయుడు - 53-ఎన్ సీసా

ఆస్పత్రిలో మందుల గది అంటే మనలో చాలామందికి తెలిసింది ఒక కిటికీ. ఇవతల చీటీ పట్టుకుని మనం, అవతల మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే కంపౌండరుగారు. పెద్దాస్పత్రుల్లో ఆ కిటికీ వెనకాల ఇంకో గది ఉంటుందని ఎక్కువమందికి తెలియదు. ఆ గదిలోకి బయటి చెప్పులతో పోకూడదు. గడియారం, ఉంగరం, గాజులు బయటే తీసిపెట్టాలి. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, టోపీ, మాస్కు, గౌను, గ్లౌజులు వేసుకుని లోపలికి పోయిన టెక్నీషియన్, గాలిని వడగట్టి వదిలే యంత్రం ముందు కూర్చుని, నరంలోకి ఎక్కించే మందులు కలుపుతాడు. కేన్సర్ రోగికిచ్చే ఇంజక్షన్లు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నరం ద్వారా పంపే ఆహారం, కొన్ని కంటి చుక్కల మందులు అక్కడే తయారవుతాయి.

రోగి ఆ మనిషిని చూడడు. ఆ మనిషీ రోగిని చూడడు. అయినా ఒకరి ప్రాణం ఇంకొకరి చేతుల శుభ్రత మీద నిలబడి ఉంటుంది. నోట్లో వేసుకునే మందులో కాస్త మలినం ఉన్నా కడుపులో ఉండే ఆమ్లం కొంత కాపలా కాస్తుంది. సూదితో ఎక్కే మందుకు ఆ కాపలా లేదు. సీసాలో ఏముందో అదంతా నేరుగా ఒంట్లోకి పోతుంది.

మన కుటుంబాల్లోని పిల్లలు ఫార్మసీ చదువుల వైపు పోతున్న ఈ కాలంలో, ఈ పని విలువ ఏమిటో తెలియజెప్పే ఒక జీవితాన్ని సభ్యుల ముందు ఉంచాలని అనుకున్నాము. ఆ మహనీయుడి పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్. కలరాకు, ప్లేగుకు సూదిమందు తయారు చేసినవాడు. లక్షలమందిని కాపాడినవాడు. ఒక్క సీసా కారణంగా అయిదేళ్ల పాటు నింద మోసినవాడు.

పుట్టుక, చదువు

హాఫ్‌కిన్ 1860 మార్చి 15న ఒడెస్సా పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్ దేశంలో ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో మెచ్నికోవ్ అనే గొప్ప శాస్త్రవేత్త దగ్గర ఆయన జంతుశాస్త్రం చదువుకున్నారు. అవి యూదుల ఇళ్లమీద అల్లరిమూకలు పడి దోచుకునే రోజులు. తనవాళ్ల ఇళ్లకు కాపలాగా నిలబడిన యువకుల్లో ఈయనా ఒకరు. అందులో గాయపడ్డారు, జైలుకూ పోయారు. మెచ్నికోవ్ మాట సాయంతో బయటికి వచ్చారు.

చదువులో ఎంత పేరు తెచ్చుకున్నా మతం మారితే తప్ప ఆయనకు అక్కడ ప్రొఫెసరు ఉద్యోగం దొరికే దారి లేదు. ఆయన మారలేదు. 1888లో దేశం విడిచి స్విట్జర్లాండుకు, అక్కణ్ణించి పారిస్‌కు చేరారు. పారిస్‌లో లూయీ పాశ్చర్ పేరు మీద నడిచే సంస్థలో ఆయనకు మొదట దొరికింది పుస్తకాల గదిలో సహాయకుడి పని. పగలు పుస్తకాలు సర్దడం, మిగిలిన వేళల్లో ప్రయోగశాలలో కూర్చోవడం. అలా కష్టపడి కలరా క్రిములతో ఒక టీకా మందు తయారు చేశారు. 1892 జులైలో మొదట తన ఒంటికే ఆ సూది వేసుకుని చూసుకున్నారు. తను వేసుకోని మందును ఇంకొకరికి ఇవ్వకూడదన్న నియమం జీవితమంతా పాటించారు.

మన దేశానికి రాక

1893లో హాఫ్‌కిన్ కలకత్తా చేరారు. ఉత్తర హిందూస్థానంలో ఊరూరా తిరిగి రెండేళ్ల లోపల నలభై వేలమందికి పైగా కలరా సూదులు వేశారు. ఎవరినీ బలవంతం చేయలేదు. వచ్చినవాళ్లకు వేయడం, వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ జబ్బు ఎంతెంత వచ్చిందో లెక్క రాసుకోవడం, ఇదీ ఆయన పద్ధతి. ఆ రోజుల్లో మన జనానికి సూది అంటే భయం, తెల్లవాడి సూది అంటే రెండింతల భయం. కలకత్తా బస్తీల్లో ఆయనతో కలిసి తిరిగిన భారతీయ డాక్టర్లు జనానికి నచ్చజెప్పకపోతే ఆ పని నడిచేది కాదు.

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కట్టి, నాలుగైదు రోజుల్లో మనిషిని తీసుకుపోయే జబ్బు అది. ప్రభుత్వం హాఫ్‌కిన్‌ను పిలిపించింది. అక్టోబరులో ఆయన బొంబాయి చేరారు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, దాని పక్కన ఒక వసారా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ఆయనకిచ్చిన ప్రయోగశాల ఇంతే.

మందు తయారైన విధం

ఈ భాగం మన ఫార్మసీ పిల్లలు శ్రద్ధగా చదవాలి. ప్లేగు క్రిమిని సీసాలో పెంచాలంటే దానికి ఆహారం కావాలి. ఐరోపాలో గొడ్డుమాంసపు రసంలో పెంచేవారు. మన దేశంలో హిందువులకు అది పనికిరాదు, ముస్లిములకు పందితో సంబంధం ఉన్నది పనికిరాదు. అది తెలుసుకుని హాఫ్‌కిన్ మేకమాంసపు రసం వాడారు. దానిమీద కొద్దిగా నెయ్యి వేసేవారు. నెయ్యి చుక్కలు పైన తేలుతుంటే, వాటిని పట్టుకుని క్రిములు గుహలో సున్నపు ఊడల్లాగా కిందికి వేలాడుతూ పెరిగేవి. సీసాను కదిపితే ఊడలు తెగి అడుక్కు పడేవి, మళ్లీ కొత్తవి పెరిగేవి. ఇలా వారాల తరబడి పెంచి, ఆ రసాన్ని సుమారు 65 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంచి క్రిములను చంపేవారు. తర్వాత అర శాతం కార్బాలిక్ ఆమ్లం కలిపి సీసాల్లోకి ఎత్తి మూత బిగించేవారు. ఎత్తేటప్పుడు ఇంకో క్రిమి లోపల పడకుండా చూసుకోవడమే అసలు విద్య. నేటి ఆస్పత్రి శుభ్రగదిలో జరిగేదీ అదే.

1897 జనవరి 10న ఆయన ఈ మందును 10 సి.సి. తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. తర్వాత జనానికి ఇచ్చినదానికంటే ఇది చాలా ఎక్కువ మోతాదు. జ్వరం, నొప్పి వచ్చి తగ్గిపోయాయి. అదే నెలాఖరులో బైకుల్లా జైలులో ప్లేగు మొదలైంది. ఖైదీల్లో ఇష్టపడినవారు సుమారు సగంమందికి సూదులు వేశారు. సూది వేసుకోనివారిలో 12 మందికి ప్లేగు వచ్చి ఆరుగురు చనిపోయారు. సూది ఫలితం కనబడే వేళకు వేసుకున్నవారిలో ఇద్దరికే జబ్బు వచ్చింది, ఇద్దరూ బతికారు.

అయినా బొంబాయి జనం సూదికి ముందుకు రాలేదు. ఆ సమయంలో ఇస్మాయిలీ ఖోజాల ఇమాము మూడవ ఆగాఖాన్, అప్పటికి ఇరవై ఏళ్ల యువకుడు, ముందుకు వచ్చారు. హాఫ్‌కిన్ ప్రయోగశాలకు తన భవనం ఖుస్రూ లాడ్జిలో చోటిచ్చి ఖర్చు భరించారు. అంతటితో ఆగకుండా జనం ఎదుట తనే సూది వేయించుకున్నారు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. ఆయన్ను చూసి వేలమంది ఖోజాలు ముందుకు వచ్చారు. ఒక యూదు శాస్త్రవేత్త మందు, ఒక ముస్లిం నాయకుడి ధైర్యం కలిసి ఆ రోజు అన్ని మతాల బొంబాయి ప్రజలకు దారి చూపాయి. పెద్దమనిషి ముందు నిలబడితే సంఘం వెనక నడుస్తుందనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

మన కరువు సీమకు ప్లేగు దారి

బొంబాయి కథ మనకెందుకని కొందరు అనుకోవచ్చు. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు మన గుంతకల్లు మీదుగానే పోతుంది. హుబ్బళ్లి నుంచి బళ్లారి మీదుగా వచ్చే రైలూ గుంతకల్లుకే చేరుతుంది. బెంగుళూరుకు హిందూపురం దగ్గరి ఊరు. ప్లేగు రైలెక్కి వచ్చింది. 1898లో హుబ్బళ్లిలో విజృంభించింది, ఆ ఆగస్టులో బెంగుళూరుకు అంటుకుంది. 1896-97 కరువుతో దత్తమండలాల్లో గింజల్లేక మాడిన జనానికి వెంటనే ఈ భయం కూడా తోడైంది. ఎలకలు రాలితే ఊరు ఖాళీచేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్న రోజులవి.

ఆ హుబ్బళ్లిలోనే హాఫ్‌కిన్ మందుకు పెద్ద పరీక్ష జరిగింది. అక్కడి డాక్టరు లాయ్‌మన్ పట్టు వదలకుండా ఊళ్లో మిగిలిన జనంలో ఎక్కువ భాగానికి, వేల సంఖ్యలో సూదులు వేయించారు. వేసుకున్నవారిలో చావులు బాగా తగ్గాయని లెక్కలు చూపాయి. 1899లో హాఫ్‌కిన్ ప్రయోగశాలకు బొంబాయి పరేల్‌లోని పాత గవర్నరు భవనం ఇచ్చారు. అక్కణ్ణించి సీసాలు దేశం నలుమూలలకూ పోయాయి.

ముల్కోవాల్

1902లో పంజాబులో ప్లేగు ఉధృతమైంది. లక్షల డోసులు కావాలని అక్కడి ప్రభుత్వం అడిగింది. మందు త్వరగా, ఎక్కువగా తయారు కావాలి. అందుకని హాఫ్‌కిన్ పాత పద్ధతిలో ఒక మార్పు చేశారు. కార్బాలిక్ ఆమ్లం కలపడం మానేసి, వేడితో శుద్ధి చేయడాన్నే నమ్ముకున్నారు. పారిస్ సంస్థలో నడుస్తున్న పద్ధతీ అదే.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి సూదులు వేశారు. అయిదు సీసాలు వాడారు. నాలుగు సీసాల మందు వేయించుకున్నవారికి ఏమీ కాలేదు. అయిదో సీసా నంబరు 53-ఎన్. దాంట్లో మందు పోసుకున్న 19 మందికీ వారం తర్వాత దవడలు బిగుసుకున్నాయి, ఒళ్లు విల్లులాగా వంగింది. ధనుర్వాతం. ఆ 19 మందీ చనిపోయారు. ప్లేగు నుంచి కాపాడుకుందామని తమంతట తాము వచ్చి చేయి చాచిన పల్లెజనం వాళ్లు. వాళ్లను తలుచుకోకుండా హాఫ్‌కిన్ కథ చెప్పడం న్యాయం కాదు.

ధనుర్వాతపు క్రిమి మట్టిలో ఉంటుంది. గట్టి గింజలాంటి రూపంలో దుమ్ములో ఏళ్ల తరబడి బతుకుతుంది. మామూలుగా కాచిన నీళ్లకు అది చావకపోవచ్చు. గాలి తగలని చోట, మూత వేసిన సీసాలో, సూది దిగిన కండలో అది మొలకెత్తి విషం కక్కుతుంది. ఏడాదికి 55 సెంటీమీటర్ల వాన కూడా నిలకడగా పడని మన జిల్లాలో, వేసవి గాలికి ఎర్రదుమ్ము తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వచ్చే మన ఊళ్లలో, ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

నింద

ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ దానికి అధ్యక్షుడు. సీసాలోకి మలినం ముల్కోవాల్‌లో తెరవకముందే, బొంబాయిలోనే చేరి ఉంటుందని ఆ సంఘం అభిప్రాయపడింది. కార్బాలిక్ ఆమ్లం మానేయడాన్ని తప్పుపట్టింది. హాఫ్‌కిన్‌ను పరేల్ ప్రయోగశాల బాధ్యతల నుంచి తప్పించారు. ఆయన ఇంగ్లండు వెళ్లిపోయారు. మన దేశంలో కలరాకు, ప్లేగుకు ఎదురు నిలబడిన మనిషి మీద పంతొమ్మిది చావుల భారం పడింది.

ఆయన నోరు మూసుకుని కూర్చోలేదు. సాక్ష్యాలు తిరగేయమని అడుగుతూ వచ్చారు. ఆ సాక్ష్యాల్లో ఒక చిన్న సంగతి ఉంది. ఆ రోజు సీసాలు తెరుస్తున్న సహాయకుడి చేతిలోని పట్టకారు నేలమీద పడింది. దాన్ని మంటలో కాల్చకుండా, కార్బాలిక్ నీళ్లలో ఒకసారి ఆడించి, దాంతోనే 53-ఎన్ సీసా మూత తీశాడు.

శాస్త్రజ్ఞులు ఇంకో రెండు సంగతులు చూపించారు. సీసాలో మందు నింపి అప్పటికి 41 రోజులైంది. ధనుర్వాతపు క్రిమి అన్నాళ్లు లోపల పెరిగి ఉంటే మూత తీయగానే దుర్వాసన కొట్టాలి. వాడేముందు చూసిన డాక్టరుకు ఏ వాసనా రాలేదు. రెండోది, సీసాలో ముందే విషం తయారై ఉంటే జబ్బు ఇంకా త్వరగా బయటపడాలి. ఇక్కడ వారం పట్టింది. అంటే క్రిమి అప్పుడే కొత్తగా సీసాలో పడి, ఒంట్లోకి పోయాక మొలకెత్తిందన్నమాట. లండన్‌లోని లిస్టర్ సంస్థ కూడా సాక్ష్యాలు పరిశీలించి, బొంబాయి ప్రయోగశాల తప్పు రుజువు కాలేదనే తేల్చింది.

సికింద్రాబాదు నుంచి ఒక గొంతు

హాఫ్‌కిన్ తరఫున గట్టిగా నిలబడినవారిలో ముఖ్యుడు సర్ రోనాల్డ్ రాస్. ఈ పేరు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. దోమల వల్ల మలేరియా వస్తుందన్న రహస్యం 1897 ఆగస్టు 20న ఆయనకు దొరికింది మన సికింద్రాబాదులోనే, బేగంపేట దగ్గర. దోమలతో కుట్టించుకుని ఆ పరిశోధనకు సాయపడిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక్కో అణా చొప్పున ఆయనకు ముట్టింది. సామాన్యుడి ఒంటిమీద నడిచే శాస్త్రం ఎంత జాగ్రత్తగా నడవాలో రాస్‌కు బాగా తెలుసు.

1907లో రాస్ పత్రికల్లో రాశారు. ఆ జులైలో ఆయనతోపాటు మొత్తం పదిమంది పేరుమోసిన శాస్త్రజ్ఞులు సంతకాలు చేసి లండన్ టైమ్స్ పత్రికకు లేఖ పంపారు. బ్రిటిష్ పార్లమెంటులోనూ ఈ విషయం చర్చకు వచ్చింది. చివరికి 1907 ఆఖరులో ప్రభుత్వం హాఫ్‌కిన్‌కు మళ్లీ ఉద్యోగం ఇచ్చింది. నింద తొలగింది. కానీ తను పెంచిన బొంబాయి ప్రయోగశాల మాత్రం తిరిగి చేతికి రాలేదు. కలకత్తాలో పెద్ద పదవి ఇచ్చారు గానీ, మనుషులమీద కొత్త టీకాలు పరీక్షించే స్వేచ్ఛ ఇవ్వలేదు. నలభై ఏడేళ్ల వయసులో, పని చేయగల శక్తి ఉండగానే, చేతులు కట్టేసినట్టయింది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన రోజుల్లో ఉద్యోగం విరమించి ఫ్రాన్సుకు పోయారు. చివరికి స్విట్జర్లాండులోని లొజాన్ పట్టణంలో 1930 అక్టోబరు 26న కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. తన ఆస్తిని తన మతస్థుల విద్యాశాలలకు రాసిచ్చారు.

పరేల్ ప్రయోగశాలకు 1925లో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని ఆయన పేరే పెట్టారు. 1897 నుంచి అప్పటిదాకా అక్కణ్ణించి సుమారు 2 కోట్ల 60 లక్షల డోసుల ప్లేగు మందు బయటికి పోయిందని లెక్క. 1964లో భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

మనం నేర్చుకోవలసింది

ఈ కథలో మేము గమనించిన సంగతులు కొన్ని పిల్లలకు చెప్పి ముగిస్తాము.

మొదటిది, సీసా మీద నంబరు. 53-ఎన్ అని రాసి ఉండబట్టే తక్కిన నాలుగు సీసాలు మంచివని తేలింది. ఏ సీసా ఎవరికి పోయిందో రాసిపెట్టబట్టే నిజం వెతకడానికి దారి దొరికింది. శుభ్రగదిలో ప్రతి సంచి మీదా రోగి పేరు, మందు మోతాదు, కలిపిన వేళ, ఎప్పటిలోగా వాడాలన్నది రాయడం విసుగనిపించవచ్చు. ఆ రాత లేకపోతే తప్పు చేసినవాడికి శిక్షా ఉండదు, చేయనివాడికి రక్షణా ఉండదు.

రెండోది, కింద పడ్డ వస్తువు. పట్టకారు పడటం నేరం కాదు, ఎవరి చేతిలోంచైనా జారుతుంది. జారినదాన్ని పక్కన పడేసి శుద్ధమైనది ఇంకొకటి తీసుకోవాలి. నేడు పరికరాలను ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడి కింద, కనీసం పదిహేను నిమిషాలు ఉంచుతారు. ధనుర్వాతపు గింజ కూడా దానికి చస్తుంది. మందునీళ్లలో ఒకసారి ఆడించడం దానికి సాటి రాదు. ఎవరూ చూడని క్షణంలో ఆ ఒక్క వస్తువును పక్కన పెట్టే మనసుంటేనే ఈ పనికి పనికొస్తారు.

మూడోది, తొందర. లక్షల డోసులు కావాలన్న ఒత్తిడిలో ఒక అదనపు కాపలా తీసేశారు. ఆ సీసా తప్పు ఆ మార్పు వల్ల రాలేదని తర్వాత శాస్త్రజ్ఞులు వాదించి ఒప్పించారు, నిజమే. అయినా కాపలా లేని సీసాను తెరిచేవాడు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో అది చెబుతుంది. ఇప్పుడు కూడా ఒక్కసారికి మాత్రమే వాడవలసిన సీసాల్లో క్రిములను ఆపే రసాయనం ఉండదు. అందుకే మిగిలిన మందు ఎంత ఖరీదైనదైనా పారేయమంటారు. కరువు చూసిన మన సీమలో దేన్నీ పారేయడానికి చేయి రాదు. నీళ్లు, గింజలు, కట్టెపుల్ల కూడా దాచుకుని బతికినవాళ్లం. ఇక్కడ మాత్రం పారేయడమే పొదుపు, ఎందుకంటే మిగిలేది మనిషి.

నాలుగోది పెద్దలకు. తప్పు జరిగినప్పుడు ఎవరిమీదో ఒకరిమీద వేసి చేతులు దులుపుకోవడం తేలిక. ముల్కోవాల్‌లో ఆ పని జరిగింది. నిజం తేలడానికి అయిదేళ్లు పట్టింది. అందుకు పదిమంది పెద్దలు తమ పేరు పణంగా పెట్టవలసి వచ్చింది. మన పిల్లలు ఆస్పత్రి గదుల్లో, చూసేవాళ్లు లేనిచోట ఈ పని చేస్తారు. తప్పు జరిగితే దాచకుండా చెప్పే ధైర్యం వాళ్లకు మనం నేర్పాలి. చెప్పినవాళ్ల మాట ఓపికగా వినే అలవాటు మనమూ చేసుకోవాలి.

ఈ సారి ఎవరికైనా ఆస్పత్రిలో నరానికి సంచి కట్టి చుక్క చుక్కగా మందు ఎక్కిస్తుంటే, ఆ సంచి మీద చీటీ ఒకసారి చదవండి. దాన్ని రాసిన మనిషి పేరు అక్కడ ఉండకపోవచ్చు. ఆ చేతులకు మాత్రం మనసులో ఒక సలాం చెప్పుకోవడం మన ధర్మం.